జూమా, జిట్సీయా: ఒక సైద్ధాంతిక సంక్షోభం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (సోర్స్, అంటే ప్రోగ్రామ్ కోడ్, ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టులో కోడ్ రాయడానికి ఒక్క మనిషి చాలు. మీటింగు ఏ యాప్‌లో పెట్టాలో తేల్చడానికి మాత్రం మహాసభ కావాలి. ఇది చిన్న విషయం అనేవాళ్లు ఉద్యమానికి కొత్తవాళ్లు, క్షమించేద్దాం.

జూమ్ అని నోరు జారినవాడు మొదటి ద్రోహి. సోర్స్ చూపించని యాప్‌లో కూర్చుని సోర్స్ స్వేచ్ఛ గురించి మాట్లాడతావా? ఈ ప్రశ్న వెనకాలే బిట్‌కీపర్ కథ వస్తుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ రాసేవాళ్లు 2002 నుంచి కోడ్ మార్పుల లెక్క చూసుకోడానికి సోర్స్ ఇవ్వని ఆ కంపెనీ సాధనాన్ని నమ్ముకున్నారు, 2005లో కంపెనీ వాళ్లు ఉచిత వాడకం ఆపేశారు, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అదే పనికి గిట్ రాసుకోవాల్సి వచ్చింది. నిజమే. ఈ కథ చెప్పేవాళ్లకు కొదవ లేదు, గిట్ లాంటిది రాసేవాళ్లకే కొరత.

సరే, జిట్సీ అనే వీడియో మీటింగు యాప్. స్ట్రాస్‌బర్గ్‌లో 2003లో విద్యార్థి ప్రాజెక్టుగా పుట్టిన బిడ్డ, ఓపెన్ సోర్స్, వంక పెట్టడానికి లేదు. కానీ 2023 ఆగస్టు నుంచి వాళ్ల ఉచిత సర్వర్‌లో గది తెరవాలంటే గూగుల్, ఫేస్‌బుక్, గిట్‌హబ్‌లలో ఏదో ఒక ఖాతాతో లాగిన్ కావాలి. గూగుల్ మీట్ అపవిత్రమని ఇటు వచ్చిన భక్తుణ్ణి గుమ్మంలోనే జీమెయిల్ ఉందా నాయనా అని అడుగుతున్నారు.

‘‘అయితే సొంత సర్వర్ పెట్టుకుందాం’’ అంటాడొక వీరుడు. ఎవరు చూసుకుంటారని అడిగేసరికి అతని నెట్ పోతుంది. బిగ్‌బ్లూబటన్ అనే మరో ఓపెన్ సోర్స్ మీటింగు సాఫ్ట్‌వేర్ పెట్టాలంటే 16 జీబీ మెమరీ ఉన్న సర్వర్ కావాలి, మన నిధులు స్టిక్కర్లకే చాలడం లేదు. అసలు వీడియో ఎందుకు, 1988 నాటి ఐఆర్‌సీ అనే టైపు చేసుకునే చాట్ ఉండగా అని ఒక పెద్దాయన టైపు చేస్తాడు. లుంగీలో కూర్చునే సౌకర్యం దృష్ట్యా నేనూ ఆయన పక్షమే.

అయినా నిష్పక్షపాతంగా ఒక మాట చెప్పాలి. జూమ్ ఉచిత ఖాతాలో గ్రూపు మీటింగు 40 నిమిషాలకు తెగిపోతుంది. వాలంటీర్ల చర్చను ఆపగల శక్తి ఇంతవరకు దానికే ఉందని రుజువైంది. ఈ గుణాన్ని జిట్సీలోకి తేవాలని మా వాళ్లకు ప్రతిపాదించాను. అందరూ ఒప్పుకున్నారు. డిఫాల్ట్ 40 నిమిషాలా, 45 నిమిషాలా అన్నచోట రెండు వర్గాలయ్యాయి. 45 వాళ్లు వేరే ప్రాజెక్టు పెట్టుకుంటున్నారు.