మా పాత వెబ్‌సైటును వదలని సర్వరు గారికి

మహారాజశ్రీ హోస్టింగ్ సర్వరు గారి సముఖానికి,

కర్నూలు నుంచి మీ పాత ఖాతాదారు, తన వెబ్‌సైటును తీసేయమని చేసుకునే విన్నపం. మీరు ఏ దేశంలో, ఏ చల్లని గదిలో కొలువై ఉన్నారో నాకు తెలియదు. నేనెక్కడ ఉంటానో మాత్రం మీ దయవల్ల లోకమంతటికీ తెలుసు. 2003లో మీ దగ్గర పెట్టుకున్న సొంత వెబ్‌సైటులో నా ఇంటి నంబరు, కొండారెడ్డి బురుజు ముందు నల్ల కళ్లద్దాలతో దిగిన ఫొటో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మీ భద్రతకు వంక పెట్టలేను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిమీద పడ్డప్పుడు మా పెళ్లి ఆల్బమ్, నా డిగ్రీ పట్టా నీళ్లపాలయ్యాయి. ఆ నెలలోనే, ఎవరి పేజీ వారు పెట్టుకునే జియోసిటీస్ అనే వెబ్ సేవ మూతపడి, లక్షలాది మంది సొంత పేజీలు కనుమరుగయ్యాయి. నా పేజీకి తడైనా అంటలేదు. 1953లో వచ్చిన రాజధాని 1956లో మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకు వెళ్లిపోయిన ఊరు మాది. అంత సచివాలయం కదిలింది, ఈ నాలుగు పేజీలు కదలవు!

పాత డైరీలో దొరికిన పాస్‌వర్డుతో, ఫైళ్లు ఎక్కించే దారి అయిన ఎఫ్‌టీపీ ద్వారా లోపలికొచ్చి హోం పేజీని చెరిపేశాను. ముఖద్వారం పోయింది కదా అని, ఫోల్డరులో మిగిలిన ఫైళ్లన్నిటికీ జాబితా కట్టి వచ్చిన ప్రతివారికీ చూపించడం మొదలుపెట్టారు. అంతవరకు ఎవరి కంటా పడని నా ప్రేమ కవితలు అలా వెలుగు చూశాయి. సందర్శకుల పుస్తకాన్నీ ‘నా గురించి’ పేజీనీ చెరపబోతే 550 అనే అంకె చూపించి అనుమతి లేదన్నారు. అవి మీ ఫారం నింపితే తయారైన పేజీలు కాబట్టి, వాటి ఫోల్డరుకు యజమానిగా నమోదైనది మీ సొంత ఖాతానట. రాసింది నేను, పరువు పోయేది నాది, యాజమాన్యం మీది. ఆ తరువాత ఎఫ్‌టీపీ దారి కూడా మూసేశారు.

మీ సహాయక విభాగానికి రాస్తే, నేనే నేనని రుజువు చేసుకోమన్నారు. పెట్టుకున్ననాడు ఎవరివని అడిగిన పాపాన పోలేదు. తీసేయమంటే ఓటీపీ కావాలట! అది వెళ్లేది నేనెప్పుడో వదిలేసిన మొబైల్ నంబరుకు. ఆ నంబరు ఇప్పుడు ఎవరో పెద్దాయన దగ్గర ఉంది. అంటే నా వెబ్‌సైటును తీయించే అధికారం నాకు లేదు, ఆయనకుంది. ఫోను చేసి, మీకొక ఓటీపీ వస్తుంది, కాస్త చెప్పండి అనగానే ఆయన నన్ను తిట్టి పెట్టేశారు. ఆయన జాగ్రత్తకు సంతోషించాను కూడా.

చట్టమైనా ఆదుకుంటుందేమోనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తిరగేశాను. 12వ సెక్షన్‌లో చెరిపించుకునే హక్కు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. వెనక్కి వెళ్లి 3వ సెక్షన్ చదివాను. ఎవరి వివరాలు వారే బహిరంగంగా పెట్టుకుంటే వాటికి ఈ చట్టం వర్తించదట. పార్లమెంటు కూడా నా పేజీ చూసినట్టుంది.

ఇంతకీ తొందరెందుకంటే, ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి స్నేహితులకు ‘నా గురించి’ దొరికింది. వయసు 24, అవివాహితుడు, అభిరుచి కలం స్నేహం. ఆ పేజీలో తెలుగువాళ్లకింకా ఒకటే రాష్ట్రం, నంద్యాల ఇంకా మా జిల్లాలోనే ఉంది. 2014లో రాష్ట్రం, 2022లో జిల్లా విడిపోయిన సంగతి మీదాకా రాలేదనుకుని సర్దుకుంటాను. నా పెళ్లి సంగతి మాత్రం మా ఇంట్లో చర్చనీయాంశమైంది.

ఖాతా గడువు తీరింది కాబట్టి, రద్దు కోరాలంటే ముందు ఏడాది రుసుము కట్టి పునరుద్ధరించుకోవాలని మీ తాజా జవాబు. గడువు తీరింది నాకే, పేజీలకు కాదన్నమాట. సరే, కడతాను. డబ్బు మా ఆవిడ ఖాతా నుంచి వస్తుంది. పంపినావిడకూ ఖాతాదారుకూ సంబంధమేమిటని మీరెలాగూ అడుగుతారు. మీ పేజీ ప్రకారమైతే, ప్రస్తుతానికి ఏమీ లేదు.

ఇట్లు,
మీ శాశ్వత ఖాతాదారు