చిన్న ఊరైతే పిల్లలకు భయం లేదనే సందేశానికి నా సమాధానం

అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి ప్రవేశాల కబుర్లు రావడం మొదలైతే చాలు, మన తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే సందేశం చక్కర్లు కొడుతుంది. ఈ ఏడాది అది నాకు బంధువుల నుంచీ, పాత సహోద్యోగుల నుంచీ, నేను పెద్దగా మాట్లాడని ఒక గ్రూపు నుంచీ కూడా వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: న్యూయార్క్, షికాగో వంటి మహానగరాలు హత్యలకు నిలయాలు, లక్షలోపు జనాభా ఉన్న ఊళ్లలో నేరాలే ఉండవు, అందుకు రుజువుగా ఎఫ్‌బీఐ పేరుతో ఒక ర్యాంకుల పట్టిక, నల్లజాతివారు ఎక్కువగా ఉన్న ఊరైతే అది చిన్నదైనా వద్దు, చిన్న ఊళ్లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే కనుక పిల్లలు రాత్రిపూట పెట్రోలు బంకులో, అంటే అక్కడి గ్యాస్ స్టేషన్‌లో పనిచేసినా భయపడనక్కరలేదు. వీటికి తోడు అక్కడ అద్దెలు తక్కువనీ, జనానికి దైవభక్తి ఎక్కువనీ, ఇళ్లకు తాళాలే వేయరనీ కొసరు మాటలు. అద్దెలు తక్కువన్నది నిజమే గానీ దానికీ భద్రతకూ సంబంధం లేదు. భక్తి నేరాన్ని ఆపుతుందనడానికి రుజువు లేదు. తాళాల సంగతి దొంగతనాలకు చెందినది, హింసకు కాదు. ఈ మూడింటినీ ఇక్కడితో వదిలేసి అసలు విషయానికి వస్తాను.

మహానగరాల మాట ముందు చూద్దాం. న్యూయార్క్‌లో 1990లో రెండు వేల రెండు వందలకు పైగా హత్యలు జరిగాయి. 2024లో జరిగినవి 377. ఎనభై లక్షలు దాటిన జనాభాకు అది లక్షకు నాలుగున్నర కన్నా తక్కువ. అదే ఏడాది దేశం మొత్తం మీద సగటు లక్షకు ఐదు. అంటే హత్యల విషయంలో న్యూయార్క్ జాతీయ సగటు కన్నా మెరుగ్గా ఉంది. ముప్పై అయిదేళ్ల కిందటి న్యూయార్క్‌ను చూపించి ఈనాటి పిల్లల చదువును నిర్ణయించమనడం ఏ రకం జాగ్రత్త? ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవలసిందే. దోపిడీలు, తీవ్రమైన దాడులు కూడా కలిపి హింసాత్మక నేరాలన్నిటినీ లెక్కిస్తే న్యూయార్క్ రేటు జాతీయ సగటును మించే ఉంటుంది. షికాగోలో హత్యల రేటైతే న్యూయార్క్‌కు నాలుగైదు రెట్లు. ఇంత తేడా ఉన్న రెండు నగరాలను ఒకే వాక్యంలో కట్టిపడేసిన మనిషి ఏ లెక్కా చూడలేదన్నది మాత్రం స్పష్టం.

లక్షలోపు జనాభా అయితే నేరాలే ఉండవట. న్యూజెర్సీలోని క్యామ్డెన్ జనాభా డెబ్భై వేల పైచిలుకు. డెలవేర్ నదికి ఆవలి ఒడ్డున ఫిలడెల్ఫియా కనిపిస్తుంది. 2012లో ఆ చిన్న నగరంలో 67 మంది హత్యకు గురయ్యారు. జనాభా నిష్పత్తిలో చూస్తే ఆ ఏడాది న్యూయార్క్‌కు పదిహేను రెట్ల పైమాటే. ఇండియానాలోని గ్యారీ, మిషిగన్‌లోని ఫ్లింట్ కూడా లక్షలోపువే. ఇల్లినాయిలోని ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో ఇరవై వేల మంది కూడా లేరు. ఇవన్నీ ఏళ్ల తరబడి జాతీయ సగటుకు ఎన్నో రెట్ల హత్యల రేటును మోసిన ఊళ్లే. మరోవైపు కాలిఫోర్నియాలోని అర్వైన్ జనాభా మూడు లక్షలు దాటింది. ఆ స్థాయి నగరాల్లో హింసాత్మక నేరాలు అతి తక్కువగా నమోదయ్యేవాటిలో అది ఏళ్లుగా ముందుంటోంది. క్యామ్డెన్ కూడా అప్పటిలా లేదు. 2013లో నగర పోలీసు శాఖను రద్దు చేసి కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసులకు బాధ్యత అప్పగించాక, ఇతర కారణాలు కూడా తోడై, హత్యలు మూడో వంతుకు అటూఇటూగా పడిపోయాయి. ఊరి జనాభా చెబితే ఊరి భద్రత చెప్పినట్టు కాదు. ఒక ఊరి గురించి పదేళ్ల కిందట నిజమైనది ఈనాడు నిజం కానక్కరలేదు కూడా.

పట్టిక గురించి కాస్త ఓపికగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు మోసపోయేది అక్కడే. చిన్న ఊళ్లకు లక్షకు ఇంత అనే లెక్క కట్టినప్పుడు ఒక్క సంఘటన అంకెను ఆకాశానికి ఎత్తుతుంది. ఐడహో రాష్ట్రంలోని మాస్కో పట్టణంలో, ఇరవై ఐదు వేల జనాభాలో, 2015 తర్వాత ఏడేళ్లపాటు ఒక్క హత్య కూడా లేదు. 2022 నవంబరులో ఒకే ఇంట్లో నలుగురు విశ్వవిద్యాలయ విద్యార్థులను ఒకడు ఒకే రాత్రి చంపాడు. ఆ ఏడాది ఆ ఊరి హత్యల రేటు లక్షకు పదిహేను దాటిపోయి, దేశ సగటుకు రెట్టింపును మించింది. 2021 పట్టిక చూసిన తండ్రికి అది స్వర్గం, 2022 పట్టిక చూసిన తండ్రికి నరకం. ఆ ఊరు మాత్రం ఒకటే.

హారంలో కూడా చిక్కు ఉంది. లాస్ ఏంజెలిస్ పక్కనే ఉన్న వెర్నన్ నగరంలో నివాసం ఉండేది రెండు వందల పైచిలుకు మంది. పగలు పనికి వచ్చేవాళ్లు పదుల వేలు. నేరాలు వేల మంది మధ్య జరుగుతాయి, భాగించేది రెండు వందలతో. సెయింట్ లూయిస్ 1876లో తన కౌంటీ నుంచి విడిపోయి విడి నగరమైంది కనుక చుట్టూ ఉన్న శివార్ల జనాభా దాని లెక్కలోకి రాదు. ఇతర నగరాలు పొలిమేరలు పెంచుకుంటూ ప్రశాంతమైన శివార్లను కలుపుకున్నాయి. అందుకే ర్యాంకుల్లో సెయింట్ లూయిస్ ఎప్పుడూ పైన కనిపిస్తుంది. ఆ నగరంలో హింస లేదనడం లేదు, ఉంది. పక్క నగరంతో పోల్చే కొలబద్ద ఒకటి కాదంటున్నాను. పైగా 2021లో ఎఫ్‌బీఐ లెక్కల పద్ధతి పూర్తిగా మారినప్పుడు న్యూయార్క్, లాస్ ఏంజెలిస్‌తో సహా వేల పోలీసు శాఖల వివరాలు జాతీయ లెక్కల్లోకే రాలేదు. ఇక అన్నిటికన్నా చెప్పుకోవలసింది, ఈ అంకెలతో నగరాలకు ర్యాంకులు కట్టవద్దని ఎఫ్‌బీఐ తానే ఏళ్లుగా హెచ్చరిస్తూ వచ్చింది. ఎవరు వద్దన్నారో వాళ్ల పేరే పట్టిక నెత్తిన అచ్చేసి పంచుతున్నారు.

నేను ఒప్పుకోవలసింది మరొకటి ఉంది. పోలీసుల దాకా వచ్చిన ఫిర్యాదులతో ఆగకుండా ఇళ్లకు వెళ్లి మనుషులనే అడిగే జాతీయ సర్వేలో, గ్రామీణ ప్రాంతాల్లో హింసకు గురయ్యేవారి నిష్పత్తి నగరాల కన్నా తక్కువగానే తేలుతోంది. ఆ తేడా చిన్నదేమీ కాదు. కాబట్టి సందేశం రాసినవారి మనసులో ఉన్న అభిప్రాయానికి పునాది అసలే లేదని నేను అనలేను. కానీ ఆ సర్వే చెప్పేది పొలాల మధ్య పల్లెల గురించి. మన పిల్లలు వెళ్లేది యాభై వేల నుంచి లక్షన్నర జనాభా ఉన్న, ఒకనాడు కర్మాగారాలతో బతికి ఈనాడు ఆసుపత్రితో, విశ్వవిద్యాలయంతో బతుకుతున్న నగరాలకు. 2020లో హత్యలు దేశమంతటా దాదాపు ముప్పై శాతం పెరిగినప్పుడు ఆ పెరుగుదల చిన్న పట్టణాలనూ వదల్లేదు. అంతేకాక పల్లె ప్రాంతాల్లో రోడ్డు ప్రమాదాల మరణాలు జనాభా నిష్పత్తికి సుమారు రెండింతలు. బస్సు దొరకని ఊళ్లో పాత కారు కొనుక్కుని మంచులో నడిపే విద్యార్థికి ఆ లెక్క హత్యల లెక్క కన్నా దగ్గరిది.

నల్లజాతివారి గురించిన వాక్యాన్ని నేను మర్యాదగా చదవలేకపోయాను. గ్యారీ నగరాన్ని 1906లో ఉక్కు కంపెనీ కట్టింది. 1960లో అక్కడ లక్షా డెబ్భై ఎనిమిది వేల మంది ఉండేవారు. 2020 నాటికి అరవై తొమ్మిది వేలు. మోటారు కార్ల మీద బతికిన ఫ్లింట్ కూడా ఇంచుమించు రెండు లక్షల నుంచి ఎనభై వేలకు దిగింది. ఉద్యోగాలు పోయాయి, వెళ్లగలిగినవాళ్లు వెళ్లారు, పన్నుల రాబడి ఆరిపోయింది, బడులూ వీధిదీపాలూ పోలీసు ఉద్యోగాలూ తగ్గిపోయాయి. వెళ్లలేకపోయినవారిలో నల్లజాతివారు ఎక్కువ ఎందుకున్నారంటే, 1930ల నుంచే వాళ్ల పేటలను పటాల్లో ఎర్రగా గుర్తించి ఇంటి అప్పులు ఇవ్వకుండా నిలిపివేశారు. ఆ పేటల్లో జరిగే హింసకు ముందుగా బలయ్యేది ఆ ఇళ్లలోనే ఉండే తల్లులూ పిల్లలూ. అక్కడ కూడా హింస ఊరంతా పరుచుకుని ఉండదు. బోస్టన్‌లో దాదాపు మూడు దశాబ్దాల కాల్పులను పరిశీలిస్తే, నాలుగింట మూడు వంతులు నగరంలోని ఐదు శాతం వీధి మూలలు, వీధి భాగాల్లోనే జరిగాయని తేలింది. ప్రమాదం వీధికి ఉంటుంది, వేళకు ఉంటుంది, చర్మానికి ఉండదు. కులం పేరుతో మనవాళ్లకు ఇల్లు అద్దెకు ఇవ్వకపోతే మండిపడేవాళ్లు ఇదే బుద్ధిని అమెరికాకు వెళ్లే పిల్లల సంచిలో పెట్టి పంపుతున్నారు.

ఇక గ్యాస్ స్టేషన్. ఈ ఒక్క వాక్యం లేకపోతే నేను ఇంత రాసేవాణ్ని కాదు.

ఇటీవలి సంవత్సరాల్లో అమెరికాలో కాల్పుల్లో చనిపోయిన తెలుగు యువకుల్లో పలువురు గ్యాస్ స్టేషన్లలో, కన్వీనియెన్స్ స్టోర్లలో కౌంటరు వెనుక నిలబడి ఉన్నవారే. ప్రతిసారీ అదే క్రమం: పత్రికలో ఫొటో, గోఫండ్‌మీ విరాళాలు, మృతదేహం కోసం ఊళ్లో ఎదురుచూపులు. ఈ సంగతి తెలిసిన తర్వాత కూడా "చిన్న ఊళ్లో రాత్రి పనికి భయం లేదు" అని రాసి, వందల మంది తల్లిదండ్రులకు పంపడానికి చేతులెలా వచ్చాయి? రాత్రిపూట ఒంటరిగా నగదుతో, తెలియని జనంతో వ్యవహరించే పనులు అమెరికాలో దాడులకు అత్యంత అనువైన పనులని చెబుతూ కార్మిక భద్రత సంస్థ ఓషా 1998లోనే రాత్రి దుకాణాల కోసం ప్రత్యేక సూచనలు విడుదల చేసింది. టాక్సీ నడపడం, దుకాణపు కౌంటరు ఆ జాబితాలో ఎప్పటి నుంచో ఉన్నాయి.

అందరూ తెలిసినవాళ్లే అన్న వాదన గ్యాస్ స్టేషన్‌కు అసలు వర్తించదు. చిన్న ఊళ్లో రాత్రంతా తెరిచి ఉండే స్టేషన్ సాధారణంగా ఇంటర్‌స్టేట్ హైవే (రాష్ట్రాల మధ్య రహదారి) నుంచి దిగే దారి దగ్గర ఉంటుంది. అక్కడికి అర్ధరాత్రి వచ్చేవాళ్లలో చాలామంది ఆ ఊరివాళ్లు కారు. పదిహేను నిమిషాల్లో కౌంటీ దాటిపోగలిగినవాళ్లు. అమెరికాలో స్థానిక పోలీసు శాఖల్లో సుమారు సగానికి పది మంది పూర్తికాలపు అధికారులు కూడా ఉండరు. రాత్రి ఒక్క కారే గస్తీ తిరగవచ్చు. తూటా తగిలితే నిమిషాల్లో చేర్చగలిగే, తీవ్ర గాయాలకు చికిత్స చేసే ట్రామా ఆసుపత్రి మహానగరంలో ఉంటుంది, చిన్న ఊరికి అది గంట దూరంలో ఉండవచ్చు. ఒకే గాయం ఒకచోట దాడిగా నమోదై, మరోచోట హత్యగా నమోదవడానికి ఆ గంటే కారణం కావచ్చు. చిన్న ఊరు ఇక్కడ రక్షణ కాదు, లోటు.

రక్షణ ఎలా వస్తుందో ఒక చిన్న నగరమే చూపించింది. మన విద్యార్థులు ఎందరో చదివే ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో, దుకాణాల దోపిడీలు విసిగించడంతో 1986లో నగర పాలకులు చట్టం చేశారు: కిటికీలను పోస్టర్లతో కప్పకూడదు, కౌంటరులో నగదు తక్కువ ఉంచాలి, పార్కింగులో వెలుగు ఉండాలి, కెమెరా ఉండాలి. తర్వాతి ఏడాది నుంచి రాత్రిపూట ఇద్దరు గుమాస్తాలు తప్పనిసరి అన్నారు. దుకాణాల సంఘాలు ఖర్చు పెరుగుతుందని కోర్టుకెక్కాయి. దోపిడీలు బాగా తగ్గాయి. ఆ తగ్గుదలలో రెండో మనిషి పాత్ర ఎంత అన్నదాని మీద పరిశోధకులు వాదించుకున్నారు, అది వేరే సంగతి. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా చాలా రాష్ట్రాల్లో ఒక్క కుర్రవాణ్ని రాత్రంతా కౌంటరులో నిలబెట్టడం చట్టబద్ధమే.

విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద చదివేవారికి పాఠాలు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల పని వరకే వీలు. బయట పనికి విడిగా అనుమతి కావాలి. అనుమతి లేకుండా చేతికి నగదు తీసుకునే కుర్రవాడి పేరు జీతాల పుస్తకంలో ఉండదు. అతనికి గాయమైతే యజమాని బీమా వర్తిస్తుందన్న నమ్మకం లేదు. ఎవరైనా బెదిరించినా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేస్తే వీసా పోతుందేమోనని నోరు మూసుకుంటాడు. రెండోసారి వచ్చేవాడు ఆ మౌనాన్ని చూసే వస్తాడు. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు వడ్డీ కోసం ఆ పనికి వెళ్లే పిల్లలను నేను తప్పుపట్టను. ఆ ఒత్తిడి ఎంతటిదో తెలుసు. నా కోపమంతా ఆ పనికి భద్రతా ముద్ర వేసి పంచుతున్న పెద్దల మీద. పని చేయడానికి అనుమతి ఉన్నవారైనా ఆ కౌంటరులో చేరేముందు రాత్రి రెండో మనిషి ఉంటాడా, తూటా దూరని అద్దం ఉందా, నగదు గుమాస్తా తెరవలేని పెట్టెలో పడుతుందా అని అడగాలి. లేదంటే ఆ ఉద్యోగం వద్దనాలి. దోచుకోవడానికి వచ్చినవాడు అడిగేది డబ్బేనని తెలిసినప్పుడు ఎదురుతిరగకుండా ఇచ్చేయమని ఇంటి నుంచి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

ఊరు ఎంచుకోవడానికి అంకెలు కావలసినవారికి అవి ఉన్నాయి, ఉచితంగానే. 1986లో పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ అనే చిన్న నగరంలో, లీహై విశ్వవిద్యాలయపు హాస్టలు గదిలో జీన్ క్లెరీ అనే పందొమ్మిదేళ్ల విద్యార్థిని హత్యకు గురైంది. న్యూ ఆర్లియన్స్ వంటి పెద్ద నగరం కన్నా ఇది క్షేమమని నమ్మే తల్లిదండ్రులు ఆమెను అక్కడ చేర్చారు. ఆ దంపతుల పోరాటం వల్ల 1990లో వచ్చిన చట్టం ఈనాడు ఆమె పేరుతోనే ఉంది. దాని ప్రకారం ఫెడరల్ విద్యార్థి సాయం అందుకునే ప్రతి విశ్వవిద్యాలయం అక్టోబరు 1లోగా గత మూడేళ్ల నేరాల నివేదికను బయటపెట్టాలి, క్యాంపస్ పోలీసులు రోజువారీ నేరాల చిట్టాను అడిగినవారికి చూపాలి. ఆ నివేదికలో క్యాంపస్, దాన్ని ఆనుకున్న వీధులు, విశ్వవిద్యాలయపు ఆధీనంలోని ఇతర భవనాలు మాత్రమే ఉంటాయి. మన పిల్లలు నలుగురైదుగురు కలిసి అద్దెకు తీసుకునే అపార్ట్‌మెంట్లు ఉండవు. వాటి కోసం ఆ నగర పోలీసుల వెబ్‌సైటులో నేరాల పటం చూసి, అపార్ట్‌మెంటు నుంచి తరగతి దాకా, తరగతి నుంచి కిరాణా దుకాణం దాకా ఉన్న వీధుల్లో కనీసం మూడేళ్ల దోపిడీలు, దాడులు ఎక్కడ, ఏ వేళల్లో జరిగాయో విడిగా పరిశీలించాలి. అలాంటి పటం లేని ఊరైతే, అక్కడే రెండో ఏడాది చదువుతున్న విద్యార్థికి ఫోన్ చేసి, రాత్రి పదకొండు తర్వాత లైబ్రరీ నుంచి ఇంటికి ఎలా వస్తారని అడగాలి.