గుమ్మంలో కుక్క చెప్పే మాట వినండి

సాయంత్రం ఏడు దాటాక మియాపూర్, కొండాపూర్, మణికొండలో ఏ అపార్ట్‌మెంటుకైనా వెళ్లండి. లిఫ్టు ఆగగానే ఏదో ఒక తలుపు వెనక గోళ్ల టకటక, కుయ్యిమనే మూలుగు. తలుపు తెరుచుకోగానే ఒక్క ఉరుకు. ఆ వెంటనే చాలా ఇళ్లలో వినిపించేది కసురు: "ఛీ, దిగు! బట్టలు పాడవుతాయి!"

పొద్దుటి నుంచి ఎదురుచూసిన ప్రాణికి మనం చెప్పే మొదటి మాట 'ఛీ'.

మా అంతస్తులో ఒకాయన తన నాలుగు నెలల కుక్కపిల్లను పేపరు చుట్టచుట్టి కొడతారు. ఆయనను చూసిన సంబరంలో అది గుమ్మంలోనే తడిపేస్తుందని కోపం. "కావాలనే చేస్తోందండీ, పొగరు" అంటారు. పొగరు కాదు, మహానుభావా! ఉత్సాహం పట్టలేనప్పుడూ, పెద్దల ముందు ఒదిగిపోయినప్పుడూ కుక్కపిల్లలు మూత్రం ఆపుకోలేవు. వయసుతో పాటు చాలావాటికి అదే తగ్గుతుంది. కొడితే మాత్రం భయం చేరి ఇంకా ఎక్కువవుతుంది. రాగానే దానిపైకి వంగకుండా, గట్టిగా పలకరించకుండా, కాసేపు పట్టనట్టు లోపలికి నడిస్తే చాలు.

మీద పడి ముఖం నాకడం కూడా తప్పుగానే లెక్క. తోడేలు పిల్లలు వేట నుంచి వచ్చిన పెద్దవాటి మూతి నాకుతాయి. పెద్దవి కడుపులోంచి ఆహారం కక్కి పెడతాయి. కుక్కల పలకరింపుకు మూలం అదేనంటారు. మన మూతి అయిదడుగుల ఎత్తులో ఉంటే ఎగరక ఏం చేస్తుంది? మోకాలితో నెట్టే బదులు మీరే కింద కూర్చోండి. నాలుగు కాళ్లూ నేలమీద ఉన్నప్పుడే నిమరండి. కొద్ది రోజుల్లో దానికే తెలుస్తుంది.

ఇక తోక. "తోక ఊపుతోంది, ఏమీ చేయదు, వెళ్లి ముట్టుకో" అని పిల్లలను ముందుకు తోసే పెద్దలను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. సంతోషంగా ఉన్న కుక్కకు తోక ఒక్కటే ఊగదు, నడుము నుంచి ఒళ్లంతా ఊగుతుంది. చెవులు వెనక్కి వాలతాయి, నోరు సడలుతుంది, చూపు మెత్తబడుతుంది. ఒళ్లు బిగుసుకుని, తోక నిటారుగా లేచి, కొస మాత్రం గబగబా కదులుతుంటే అది పిలుపు కాదు, హెచ్చరిక. 2007లో ఇటలీ పరిశోధకులు 30 కుక్కలను పరిశీలించారు. యజమాని కనిపిస్తే తోక కుడివైపు ఎక్కువగా ఊగింది, తమను భయపెట్టే కొత్త కుక్క కనిపిస్తే ఎడమవైపు. జపాన్ పరిశోధకులు 2022లో ఇంకొకటి చూశారు: యజమాని తిరిగొచ్చినప్పుడు కుక్క కళ్లలో నీరు ఎక్కువగా ఊరింది, తెలిసిన ఇతరులు వస్తే అలా జరగలేదు. ఇంత చెబుతున్న ఒంటిని మనం చూడనే చూడం.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. స్వీడన్‌లో 2011లో వచ్చిన అధ్యయనంలో కుక్కలను అరగంట, రెండు గంటలు, నాలుగు గంటలు ఒంటరిగా వదిలి చూశారు. అరగంట తర్వాత కన్నా రెండు గంటల తర్వాత పలకరింపు ఎక్కువ ఉధృతంగా ఉంది. వాళ్ల లెక్క నాలుగు గంటలతో ఆగింది. మన నగరంలో ఆఫీసు, ట్రాఫిక్ కలిపి పది గంటలు! మే నెల ఎండలో, బాల్కనీలో, గొలుసుతో! పైగా మంచు దేశపు హస్కీ జాతి కుక్కను తెచ్చి మరీ. సాయంత్రం అది పిచ్చిపట్టినట్టు గిరగిరా తిరుగుతూ అరుస్తుంటే "చూడండి, నేనంటే ఎంత ప్రేమో" అని వీడియో పెడతారు. ప్రేమ ఉంది, కాదనను. రోజంతా బిగబట్టిన ఒంటరితనమూ అందులో ఉంది.

మధ్యాహ్నం ఒకసారి ఎవరైనా వచ్చి బయట తిప్పేలా చూడండి. పక్కింటి పెద్దాయనో, డబ్బు తీసుకుని తిప్పే కుర్రాడో, ఎవరో ఒకరు. అది కుదరని ఇల్లయితే దయచేసి కుక్కను తెచ్చుకోకండి. తెచ్చుకుంటే మాత్రం, సాయంత్రం ఫోను పక్కన పెట్టి, టీ కన్నా ముందు దాన్ని కిందికి తీసుకెళ్లండి.