సవరణ: సోన్యా ఒబెరెమ్ ఎనిమిదో స్థానం ట్రయథ్లాన్‌లో కాదు

జర్మనీ మారథాన్ క్రీడాకారిణి సోన్యా ఒబెరెమ్ గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో, ఆమె 1996 అట్లాంటా ఒలింపిక్స్ ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరుసగా చేసే పోటీ)లో ఎనిమిదో స్థానం పొందారని పేర్కొన్నాను. అది తప్పు. ఒలింపిక్ ఫలితాల అధికారిక పట్టికల ప్రకారం ఆ స్థానం మహిళల మారథాన్‌లో వచ్చింది. ఇథియోపియాకు చెందిన ఫాతుమా రోబా స్వర్ణం గెలిచిన ఆ పరుగులోనే మరో జర్మన్ కాత్రిన్ డోరె-హైనిగ్ నాలుగో స్థానంలో నిలిచారు.

అసలు ట్రయథ్లాన్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిందే 2000లో, సిడ్నీలో. అప్పటికి ఒబెరెమ్ పూర్తిగా రోడ్డు పరుగుకు మారిపోయి, అక్కడ కూడా మారథాన్‌లోనే పాల్గొన్నారు.

ఒబెరెమ్ గురించి వాడే ‘మాజీ ట్రయథ్లెట్’ అన్న మాటను కొందరు ఆ క్రీడలో రాణించలేక వదిలేశారన్న అర్థంలో తీసుకున్నారు. వాస్తవానికి, పెళ్లికి ముందు సోన్యా క్రోలిక్ పేరుతో పోటీపడిన రోజుల్లో ఆమె జూనియర్ ప్రపంచ ట్రయథ్లాన్ విజేత. ఈత, సైకిల్, పరుగు మూడింటిలోనూ ఆ స్థాయి అందుకున్నాక ఒక్క పరుగునే ఎంచుకుని, 2002లో హాంబర్గ్ మారథాన్‌ను గెలిచి, అదే ఏడాది మ్యూనిక్‌లో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్ మారథాన్‌లో కాంస్యం సాధించడం, నా దృష్టిలో, అట్లాంటా కంటే పెద్ద విజయం. పాత పోస్టులోని వాక్యాన్ని సరిదిద్దాను.