కారు ఉన్నంత కాలమే కారు పికప్

1932లో ఆస్ట్రేలియాలోని గిప్స్‌ల్యాండ్ నుంచి ఓ రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసింది. ఆదివారం చర్చికి వెళ్లడానికి, సోమవారం పందులను సంతకు చేర్చడానికి ఒకే బండి కావాలని అడిగింది. మాంద్యం రోజులు. రెండు బండ్లు కొనే స్తోమత ఎవరికుంది? గిలాంగ్ ఫ్యాక్టరీలో లూ బ్యాంట్ అనే కుర్ర డిజైనర్ ఆ పని చేతికెత్తుకున్నాడు. 1934లో ముందు కారు, వెనక సరుకుల తొట్టి ఉన్న ‘యూట్’ రోడ్డెక్కింది.

కారును సీటు వెనక కోసేసి తొట్టి అతికిస్తే, బరువు పడగానే అది రెండుగా విరుగుతుంది. అందుకే బ్యాంట్ క్యాబిన్ పక్క రేకునూ తొట్టి పక్క రేకునూ ఒకటిగా కలిపేశాడు. మామూలుగా ఈ జాతి బండికి ఆనవాలు అదే. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పికప్‌ను పక్క నుంచి చూడండి, క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందు ఉంటుంది. అది వేరే వంశం.

అమెరికాలో ఫోర్డ్ రాంచెరో 1957 మోడల్‌గా వచ్చింది. దానికి పోటీగా షెవర్లే 1959లో ఎల్ కామినోను దింపింది. రెండింటికీ మూలం స్టేషన్ వ్యాగనే. ఆ తొలి ఎల్ కామినో తొట్టిలో 26 బోల్టులు విప్పి పైరేకు తీస్తే, కింద వ్యాగన్ ఫ్లోరు అలాగే ఉంటుంది. వెనక సీటువాళ్లు కాళ్లు పెట్టుకునే గుంతలతో సహా! 1970కి వచ్చేసరికి అదే బండిలో 450 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టారు. చూడ్డానికి అద్భుతమే. కానీ పనిముట్టు కాస్తా షోకు బండిగా మారడం అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

విదేశీ పికప్‌లపై అమెరికా 1964లో 25 శాతం సుంకం వేసింది. యూరప్ దేశాలు అమెరికా కోళ్లపై పన్ను పెంచినందుకు ప్రతీకారం అది. దాన్ని తప్పించుకోవడానికి జపాన్ కంపెనీ సుబారు తన బ్రాట్ పికప్ తొట్టిలో వెనక్కి తిరిగిన రెండు సీట్లు బిగించి, ప్రయాణికుల బండి అనిపించుకుంది.

జనానికి మోజు తీరి ఈ కారు పికప్‌లు పోయాయని చాలామంది అంటారు. సగమే నిజం. రాంచెరో 1979లో, ఎల్ కామినో 1987లో ఆగాయి. అప్పటికి వాటికి ఆధారమైన పెద్ద కార్లకు కాలం చెల్లుతోంది, ఎల్ కామినో ఆగేనాటికి షెవర్లేయే ఎస్-10 అనే చిన్న పికప్ అమ్ముతోంది. ఆస్ట్రేలియా కథ ఇంకా స్పష్టం. 2016లో ఫోర్డ్, 2017లో మరో కంపెనీ హోల్డెన్ అక్కడ కార్ల తయారీ మానేశాయి, వాటితోపాటే యూట్ కూడా పోయింది. ఫోర్డ్ వారి ఫాల్కన్ కారే లేకుండా ఫాల్కన్ యూట్ ఎలా వస్తుంది?

బ్రెజిల్‌లో చిన్న కార్ల తయారీ ఆగలేదు, అందుకే పికప్ కూడా నిలిచింది. 1998లో పాలియో కారు నుంచి పుట్టిన ఫియట్ స్ట్రాడా, పని బండిగానే ఉంటూ అవసరాన్నిబట్టి ఒళ్లు మార్చుకుంది. మొదట రెండు తలుపులు, 2013లో మూడు, 2020లో నాలుగు. 2021లో ఆ దేశంలో కార్లన్నిటినీ దాటి ఎక్కువగా అమ్ముడైన బండి అదే.