బొమ్మ రైలుకు అద్దాల బీరువా అక్కరలేదు, పట్టాలు కావాలి

పాత బొమ్మ రైలింజను చేతికి రాగానే శుభ్రంగా తుడిచి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. లోపల మోటారు ఉంది, పళ్ళ చక్రాలు ఉన్నాయి, ఇరుసులు ఉన్నాయి. చేసినవాడు వాటిని తిరగడానికే చేశాడు. పట్టాలు లేని ఇంజను సగం వస్తువు మాత్రమే. మిగతా సగం లేఅవుట్: ఒక చెక్క బల్ల, దాని మీద పట్టాలు, కింద తీగలు, పక్కన ట్రాన్స్‌ఫార్మర్, ముందు కూర్చుని మీట తిప్పే మనిషి. ఆ రెండో సగాన్ని ఇంట్లో కట్టుకోవాలన్న ఆలోచనే లేకుండా పాత రైళ్ళంటే ప్రాణమని చెప్పుకోవడం నాకు మింగుడుపడదు.

వీటి పుట్టుక చూసినా అదే తెలుస్తుంది. 1891లో జర్మనీలోని లైప్‌జిగ్ సంతలో మెర్క్లిన్ కంపెనీ ప్రదర్శించింది ఒంటరి రైలు బొమ్మను కాదు, నిర్ణీత కొలతల పట్టాలతో కూడిన రైలు మార్గాన్ని. ఈ ఏడాది గుండ్రంగా పరుచుకున్న పట్టాలకు వచ్చే ఏడాది మరికొన్ని ముక్కలు కలుపుకుని మార్గం పెంచుకోవచ్చు. ఆ వ్యాపారమంతా ఇంట్లో పెరిగే రైలు మార్గాన్ని నమ్ముకునే నిలబడింది. 1901లో న్యూయార్క్‌లో జాషువా లయనెల్ కోవెన్ దుకాణాల అద్దాల వెనక తిరిగే చిన్న విద్యుత్ బండిని తయారుచేశాడు. సరుకు వైపు జనం కళ్ళు తిప్పడం దాని పని. జనం సరుకును వదిలి ఆ బండినే అమ్మమన్నారు. లయనెల్ రైళ్ళు అలా మొదలయ్యాయి. 1920లో లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ బయటికి తెచ్చిన తొలి కీ ఇంజన్లను, తన మెకానో అనే విడిభాగాల ఆటవస్తువు పద్ధతిలోనే, నట్లు, బోల్టులతో బిగించారు. పిల్లవాడు విప్పి మళ్ళీ బిగించుకోగలగాలని అంత శ్రద్ధ తీసుకున్న వస్తువును, ఇప్పుడు మనం వేలు కూడా తగలనివ్వకుండా దాచిపెడుతున్నాం.

నడిపితే అరిగిపోతుందని అంటారు. నిజమే, మోటారుకు కరెంటు అందించే బొగ్గు బ్రష్షులు అరుగుతాయి, చక్రాల అంచులు నున్నబడతాయి. అయితే కదలకుండా కూర్చుంటే చెడిపోదని ఎవరు చెప్పారు? ఏళ్ళ తరబడి కదలని ఇంజనులో గ్రీజు గట్టిపడి మైనం ముద్దలా పళ్ళ చక్రాలను పట్టేస్తుంది. తీగల మీది రబ్బరు ఎండి పెళుసెక్కి, ముట్టుకుంటే రాలిపోతుంది. వీటన్నిటి కన్నా ఘోరమైనది జింక్ పెస్ట్. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోతపోసిన చక్రాలు, ఇంజను తొడుగుల్లో చాలా జింకు మిశ్రమంతో చేసినవి. ఆ మిశ్రమంలో సీసం లాంటి మలినం కొద్దిగా కలిసినా లోహం లోలోపలే క్షీణించి, ఉబ్బి, పగుళ్ళు విచ్చి, చివరికి పొడిగా రాలిపోతుంది. తేమ, వేడి ఆ పనిని ఇంకా తొందర చేస్తాయి. దీనికి మందు లేదు, బీరువా దీన్ని ఆపలేదు. రైలును తరచూ నడిపే మనిషి మాత్రం చక్రం ఉబ్బి ఇరుకు పట్టడాన్ని ముందే గమనిస్తాడు. పగులు కనిపించగానే పాత చక్రం తీసి కొత్తది వేస్తాడు. బీరువాలోని ఇంజను అద్దం వెనకే చచ్చిపోతుంది, తాళం తీసేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇక రెండో రకం వాళ్ళతో నాకున్న తగాదా వేరు. వీళ్ళు లేఅవుట్ కడతారు, కాని బొమ్మ రైలు బొమ్మలా ఉందని సిగ్గుపడతారు. అసలు రైలుకు రెండే పట్టాలుంటాయి కదా, మధ్యలో ఈ మూడోది ఎందుకని అడుగుతారు. మలుపులు ఇంత బిగుతుగా ఉండవంటారు. మధ్య పట్టాకు నల్లరంగు పూసి, రంగురంగుల రేకు పెట్టెల మీద కావాలని మసి, తుప్పు మరకలు వేస్తారు. లెక్క చూద్దాం. ఓ గేజి అనే పాత పట్టాల కొలతలో బాగా వాడుకలో ఉన్న ఒక వలయం వ్యాసం 27 అంగుళాలు. 1:48 నిష్పత్తిలో అది అసలు రైలుకు 108 అడుగుల వ్యాసమవుతుంది. అంత చిన్న వలయంలో ఏ ఎక్స్‌ప్రెస్ రైలూ తిరగలేదు. అంటే ఈ వస్తువు మొదటి నుంచీ అసలు రైలుకు నకలు కాదు. ఇంట్లో, నేల మీదో బల్ల మీదో పట్టేలా మనుషులు ఊహించి చేసిన మరో రైలు. దాని ఎరుపు అంత ఎరుపుగానే ఉండాలి, దాని మధ్య పట్టా కనిపించాలి. కొలతలు పక్కాగా ఉన్న నమూనా రైళ్ళు కావాలంటే ఆ దారి వేరే ఉంది, ఎంతో గొప్ప దారి, నాకు ఆ పనివాళ్ళంటే గౌరవం. కాని 1930ల రేకు రైలుకు ఆ వేషం వేయడం దాన్ని అవమానించడమే.

ఆ మూడో పట్టాను తప్పుపట్టేవాళ్ళు దాని తెలివిని ఎన్నడూ దగ్గరగా చూడలేదనుకుంటాను. మధ్య పట్టాలో కరెంటు వస్తుంది, పక్కనున్న రెండు పట్టాల్లోంచి తిరిగి వెళుతుంది. రెండు పక్కలా ఒకే తీగ కాబట్టి రైలు ఎటు తిరిగినా తేడా లేదు. మార్గాన్ని వెనక్కి మళ్ళించి అదే దారిలో కలిపినా షార్ట్ సర్క్యూట్ కాదు. రెండు పట్టాల పద్ధతిలో అలా మళ్ళిస్తే ఒక పట్టా వచ్చి రెండోదానికి తగులుతుంది. దాన్ని విడదీసి స్విచ్చులు పెట్టాలి. ఇక్కడ ఏమీ అక్కరలేదు, పిల్లవాడు తోచినట్టు పట్టాలు కలుపుకుంటూ పోవచ్చు.

దీనికన్నా అందమైనది ఇంకొకటి ఉంది. ఒక పట్టా ముక్క తీసుకుని, బయటి పట్టాల్లో ఒకదాన్ని కింద అడ్డంగా ఉండే రేకు దిమ్మెల నుంచి జాగ్రత్తగా వదులు చేసి, కింద మందపాటి కాగితం దూర్చి, రెండు చివర్లా పక్క ముక్కతో కలిపే ఇనుప పిన్నులకు బదులు కరెంటు పారని ఫైబరు పిన్నులు పెడితే, ఆ పట్టా మిగతావాటి నుంచి విడిపోతుంది. దానికో తీగ కట్టి లెవెల్ క్రాసింగు గుడిసెకు ఇవ్వండి. రైలు లేనప్పుడు ఆ తీగ ఎక్కడికీ చేరదు, గుడిసె నిద్రపోతూ ఉంటుంది. ఇంజను ముందు చక్రాలు ఆ ముక్క మీదికి రాగానే ఇనుప ఇరుసు ఈ పట్టానూ ఆ పట్టానూ కలిపేస్తుంది. కరెంటు వలయం పూర్తవుతుంది. తలుపు తెరుచుకుని, చేతిలో లాంతరు పట్టుకున్న గేటు మనిషి బయటికి వస్తాడు. చివరి పెట్టె దాటేదాకా అక్కడే నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. లయనెల్ వాళ్ళు 1935లో చేసిన ఈ గేటు మనిషికి సెన్సారు లేదు, చిప్పు లేదు, బ్యాటరీ లేదు. రైలే స్విచ్చు. పొడుగు రైలు కడితే ఎక్కువసేపు నిలబడతాడు, పొట్టి రైలు కడితే తక్కువసేపు. దీన్ని చూపించి ఎలా పనిచేస్తుందో చెప్పమంటే పెద్దవాళ్ళు కూడా బల్ల కిందికి వంగి తీగలు వెతుకుతారు. అదే గుడిసె బీరువాలో ఉంటే రంగు వేసిన డబ్బా, అంతే.

ఇంజను లోపల కూడా ఇలాంటి బుద్ధే పనిచేస్తుంది. ఈ మోటార్లు ఏసీ మీద, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు మీద నడుస్తాయి, అందుకని తీగలు తారుమారు చేస్తే దిశ మారదు. దిశ మార్చడానికి ఈ-యూనిట్ అనే చిన్న పరికరం పెట్టారు. కరెంటు తీసి మళ్ళీ ఇచ్చిన ప్రతిసారీ అందులోని డ్రమ్ము ఒక మెట్టు తిరుగుతుంది: ముందుకు, నిలుపుదల, వెనక్కు, మళ్ళీ నిలుపుదల. నిలబడి ఉన్నప్పుడు ఇంజను సన్నగా గుయ్యిమంటుంది, ఈ-యూనిట్‌లోని తీగచుట్ట చేసే చప్పుడది. కూత సంగతి మరీ ముచ్చటైనది. పట్టాల్లోని ఏసీకి కాస్త డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, కలిపితేనే ఇంజను వెనక బొగ్గుబండిలోని రిలే అనే కరెంటు స్విచ్చు పట్టుకుంటుంది, చిన్న మోటారు గాలి ఊది కూత వేస్తుంది. అదే రెండు తీగల మీద వేగం ఒకటి, కూత ఒకటి, 1935 నాటికే సాధించారు.

కట్టడం గురించి నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. బల్ల మరీ వెడల్పు వద్దు. ఏ మూల రైలు పడినా చెయ్యి చాచి అందుకోగలగాలి, రెండున్నర అడుగులకు మించి చెయ్యి చాచి పనిచేయడం కష్టం. స్టేషన్లూ స్తంభాలూ బిగించే ముందు మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన పెట్టెను మలుపుల్లో నెమ్మదిగా తిప్పి చూడండి. దాని నడుము మలుపు లోపలికి, దాని మూలలు బయటికి ఎంత వస్తాయో తెలిశాకే మిగతావి బిగించాలి. పట్టాల కింద మెత్తటి అట్ట వేస్తే చప్పుడు తగ్గుతుంది. పూర్తిగా నొక్కేయకండి, రేకు మీద రేకు దొర్లే ఆ మోత ఈ రైలు గొంతు.

వలయం అవతలి వైపుకు వెళ్ళేసరికి రైలు నీరసించిపోతే ఇంజనును తిట్టకండి. పాత పట్టాల్లో ప్రతి అతుకూ వదులైన పిన్నే, ప్రతి పిన్ను దగ్గరా కొంత కరెంటు వృథా. పిన్నులు బిగించండి, బల్ల కింద నుంచి లావు తీగ తెచ్చి నాలుగైదు చోట్ల పట్టాలకు కలపండి. తుప్పు తీయడానికి ఇనుప పీచు మాత్రం వాడకండి. దాని రజను మోటారులోకి, అయస్కాంతాల మీదికి చేరి షార్ట్ చేస్తుంది. గరుకు నైలాన్ పీచు చాలు. ఇరుసుల చివర ఒక్కో చుక్క నూనె, పళ్ళ చక్రాలకు కాస్త గ్రీజు, మోటారులో బ్రష్షులు రాసుకునే కమ్యుటేటర్ మీద ఏదీ వద్దు, అది పొడిగా, రాగి మెరుస్తూ ఉండాలి.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ప్రేమ పక్కన పెట్టి భయం ఉంచుకోవాలి. పాతవాటిలో రక్షణ స్విచ్చు వేడెక్కితేగాని పడదు. ఈలోపల సన్న తీగ కాలిపోతుంది. దానికీ పట్టాలకూ మధ్య త్వరగా పడే కొత్త బ్రేకరు పెట్టండి. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే లేఅవుట్‌కు కలిపితే, ఒకదాని ప్లగ్గు గోడ నుంచి పీకినా రెండోదాని కరెంటు వెనక నుంచి ఎక్కి, ఆ పీకిన ప్లగ్గు కాళ్ళకు ఇంటి కరెంటంత వోల్టేజి రావచ్చు. పిల్లలు తిరిగే గదిలో ఇది ఆషామాషీ విషయం కాదు. రెండిటినీ ఒకే స్విచ్చు బోర్డుకు పెట్టి, ఆ ఒక్క స్విచ్చుతోనే ఆపండి.

ఇంకో మాట, రంగు గురించి. గీతలు పడ్డాయని పాత పెట్టెకు కొత్త రంగు కొట్టడం అసలుకే ఎసరు పెట్టడం. లిథోగ్రఫీ రేకు మీది కిటికీలు, రివెట్లు, అక్షరాలు రేకు చదునుగా ఉన్నప్పుడే అచ్చువేసి, తర్వాత కోసి వంచినవి. ఒకసారి పోతే మళ్ళీ తెచ్చుకోలేం. ఆ రేకు ముక్కలను పట్టి ఉంచే చిన్న నాలుకలు కూడా అంతే, రెండు మూడు సార్లు వంచి తీస్తే విరిగిపోతాయి. కాబట్టి మోటారును ఎంతైనా బాగుచేయండి, తీగలు మార్చండి, బ్రష్షులు మార్చండి, పైతొడుగును మాత్రం అలాగే వదిలేయండి. ఆ గీతలు ఎవరో పిల్లవాడు దాన్ని మలుపులో వేగంగా తోలినప్పుడు పడ్డవి.

కొన్నప్పటి అట్టపెట్టె తెరవకపోతేనే విలువ నిలుస్తుందని వాదించేవాళ్ళకు నా సమాధానం ఒక్కటే: అది అమ్మేవాడి విలువ. నాకు అమ్మే ఉద్దేశం లేదు. ఇంటికి వచ్చిన పిల్లలకు మీట ఇస్తాను, వాళ్ళు మొదట వేగం పెంచి పడేస్తారు, తర్వాత మలుపుకు ముందు తగ్గించడం వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు. పడితే పడనీ, ఇవి పడటానికి తట్టుకునేలా చేసినవే. ఇంట్లో అటక మీద ఇలాంటి రైలు ఉన్నవాళ్ళు ఈ వారమే దింపండి. ప్లగ్గు పెట్టేయకండి, ముందు కరెంటు తీగ చూడండి, పగిలితే మార్చండి. చక్రాలు వేలితో తిప్పండి, తిరగకపోతే పాత గ్రీజు కడగండి. వలయం పరిచేంత నేల ఉంటే చాలు, బల్ల తర్వాత కట్టుకోవచ్చు.