మైనస్ 5 వేరు, మైనస్ 30 వేరు

"సున్నా దాటాక ఎంత చలైనా ఒకటే" అని చలి గురించిన మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ మాట మార్చండి. మా కావలి, కందుకూరు వైపు నుంచి పిల్లలు చదువులకని కెనడా వెళ్తున్నారు. ఇది నమ్మితే ప్రమాదం.

మాకు జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలకు దిగితేనే మఫ్లర్లు బయటికొస్తాయి. కెనడాలోని విన్నిపెగ్ నగరంలో ఉన్నప్పుడు, గాలి లేకపోతే మైనస్ 5లో మంచి జాకెట్‌తో హాయిగానే నడిచాను. మైనస్ 30 అలా కాదండీ. ఊపిరి పీల్చగానే ముక్కులో వెంట్రుకలు బిగుసుకుంటాయి, కనురెప్పల మీద మంచు కడుతుంది. అసలు భయపడాల్సింది నొప్పికి కాదు, నొప్పి ఆగిపోయినప్పుడు. చెవులో వేళ్లో మొద్దుబారి పాలిపోతే చర్మం గడ్డకడుతున్నట్టే. గాలి ప్రభావం కలిపి చలి మైనస్ 28 దాటితే 10 నుంచి 30 నిమిషాల్లోనే అలా కావచ్చని కెనడా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. అప్పుడు రుద్దకూడదు. లోపలికి వెళ్లి గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి, డాక్టర్‌కి చూపించాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. లోపల వేసుకోవడానికి కాటన్ బనియన్లు సర్దకండి, చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి. థర్మల్స్ (చలికి లోపల వేసుకునే వెచ్చని బట్టలు), నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే చేతి తొడుగులు అక్కడే కొనుక్కోమనండి.